కాపలావాడు లేవకూడదు

యజ్ఞనారాయణ గారు ఆఫీసులోకి రావడం ఎవరూ చూడలేదు. ఆయన ఆఫీసులో ఉండటం చూశారు, సాయంత్రం ఆయన కుర్చీ ఖాళీ అయిపోవడమూ చూశారు. గేటు దాటి, మెట్లెక్కి, తలుపు తోసుకుని మామూలు మనిషిలా నడిచి రావడం మాత్రం మాదాపూర్‌లోని ఆ కంపెనీలో ఏ ఒక్కరి కంటా పడలేదు. చూసినప్పుడు సీటు ఖాళీగా ఉంటుంది. టీ కప్పు పట్టుకుని ఇటు తిరిగేసరికి సీట్లో యజ్ఞనారాయణ గారు, పక్కన టిఫిన్ క్యారియరు, నుదుట విభూతి.

"ఎప్పుడొచ్చిన్రు సారూ?" అని అడుగుతాడు అజయ్.

"ఇందాకే వచ్చానండి బాబూ."

"ఎటుకెల్లి వచ్చిన్రు?"

"ఇటు నుంచేనండి," అంటారాయన, ఏ దిక్కూ చూపించకుండా.

అజయ్‌కి ఇది మరీ ఒళ్ళు మండే విషయం. ఎందుకంటే ఇద్దరూ ఉండేది చందానగర్‌లోనే. వారంలో సగం రోజులు ఆయన్ని తన బండి మీద ఎక్కించుకొచ్చేది అజయే. ఆఫీసు సందు మలుపులో, రాళ్ళగుట్ట దగ్గరికి రాగానే "ఇక్కడ ఆపండి బాబూ" అంటారాయన. దిగుతారు. అజయ్ గేట్లోంచి బండి తోలుకుపోయి, స్టాండు వేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెడతాడు. అప్పటికే యజ్ఞనారాయణ గారు సీట్లో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటారు.

హైటెక్ సిటీ పేరుతో ఆ గుండ్రటి పెద్ద భవనం కొత్తగా లేచిన రోజులవి. దాని అద్దాల్లో చుట్టుపక్కల గుట్టలూ, గుట్టల మీద మేకలూ కనబడేవి. అందులో కిరాయికి దిగే స్తోమతు లేని చిన్న కంపెనీలు చుట్టూ ఉన్న డాబా ఇళ్ళలో బోర్డులు తగిలించుకున్నాయి. సోమేశ్వరరావు గారి కంపెనీ అలాంటిదే. పరాయి దేశం వాళ్ళు తయారుచేసే కంప్యూటర్ ఆటల్ని బజార్లోకి రాకముందే ఆడి చూసి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో రాసి పంపడం వాళ్ళ పని. ఆడుకుంటే జీతం ఇస్తారంటే సిద్దిపేటలో అజయ్ వాళ్ళ నాయన ఇప్పటికీ నమ్మడు.

ఆ ఏడాది వాళ్ళ చేతికొచ్చిన ఆటలో ఒక కోట ఉంది. కోటలో కాపలావాళ్ళు. లోపల ఖజానాలో ఒక రాజముద్రిక. ఆడేవాడు దొంగలా దూరి దాన్ని తెచ్చుకోవాలి. దానికి రెండు దారులు. కత్తి దూసి ఎదురొచ్చినవాణ్ణల్లా నరుక్కుంటూ పోవడం ఒకటి. దీపాలార్పి, నీడల్లో నక్కి, ఎవరి కంటా పడకుండా పోవడం రెండోది. వీటికి అజయ్ నరుకుడనీ, నక్కుడనీ పేర్లు పెట్టాడు. ఆట రెండు దారుల్లోనూ సరిగ్గా నడుస్తోందా లేదా అని చూడాలి కాబట్టి, సోమేశ్వరరావు గారు నరుకుడు అజయ్‌కీ, నక్కుడు యజ్ఞనారాయణ గారికీ అప్పగించారు.

అజయ్ ఆడుతుంటే కోటలో పెళ్ళింట్లో నిప్పంటుకున్నట్టుండేది. గేటు దగ్గర మొదలుపెడితే ఖజానా చేరేసరికి కోటలో దీపాలు తప్ప ఏమీ మిగిలేవి కావు. కాఫీ బ్రేకులోపు అయిపోగొట్టేవాడు.

యజ్ఞనారాయణ గారు ఉదయం కోట గోడ పక్కన చీకట్లో నిలబడితే మధ్యాహ్నం భోజనానికీ అక్కడే ఉండేవారు.

"ఏంది సారూ, ఇంక గేటు కాడనే ఉన్నరు?"

"పడమటి బురుజు గారు ఆవలిస్తున్నారండి. ఆ ఆవలింత పూర్తవనివ్వండి."

అవును, కాపలావాళ్ళందరికీ ఆయన గారు తగిలించారు. పడమటి బురుజు గారు, వంటశాల గారు, మెట్ల కింద గారు. నవ్వకండి. రెండు నెలలయ్యేసరికి ఆఫీసంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. పక్క సీటు ప్రవీణ ఒకసారి ఫోన్లో పరాయి దేశం వాళ్ళతో మాట్లాడుతూ "వంటశాల గారు గోడలో ఇరుక్కుపోయారు" అనేసి నాలుక కరుచుకుంది.

ఈ ఉద్యోగానికి యాభై దాటిన మనిషి ఎలా వచ్చాడంటే అదో కథ. గోదావరి జిల్లాలో ఏదో పంచదార మిల్లు మూతపడితే ఆయన, భార్య సుబ్బలక్ష్మి గారూ హైదరాబాదు వచ్చేశారు. అమీర్‌పేటలో కుర్రాళ్ళ మధ్య కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. ఇంటర్వ్యూలో సోమేశ్వరరావు గారు, "ఎవరికీ తెలియకుండా, చప్పుడు కాకుండా ఆడాలండీ. మీకు ఈ లైన్లో ఎక్స్‌పీరియన్స్ ఏముంది?" అని అడిగారు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆవిడ నిద్ర చెడకుండా తెల్లారగట్ల కాఫీ కాచుకు తాగుతున్నానండి. ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా లేవలేదండి."

సోమేశ్వరరావు గారు పడీ పడీ నవ్వి ఉద్యోగం ఇచ్చేశారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కనబడకుండా పోవడమే ఆట అనుకుంటే ఆయనంత మొనగాడు లేడు. కానీ ఆయనకి అది చాలదు. ఆ కోటలో కొందరు కాపలావాళ్ళు చలిమంట దగ్గర స్టూళ్ళ మీద కూర్చుని ఉంటారు. ఎక్కడైనా చిన్న చప్పుడైతే లేచి నిలబడి "ఎవరది?" అంటారు. ఎవరూ కనబడకపోతే "ఎలుకేమో" అనుకుని మళ్ళీ కూర్చుంటారు. ఆట లెక్క ప్రకారం అది తప్పు కాదు. యజ్ఞనారాయణ గారి లెక్కలో మాత్రం ఆట పోయినట్టే. ఖజానా గుమ్మం దాకా వెళ్ళి కూడా, ఎవరైనా లేచారంటే మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

"దొరకలే గద సారూ. ఎలుక అనుకుండు గద. ఇంకేంది పరేషాను?"

"పాపం లేచాడండి. హాయిగా కూర్చున్నవాడు నా మూలంగా లేచాడు."

"వాడు బొమ్మ సారూ."

"బొమ్మే అనుకోండి. మళ్ళీ కూర్చునేటప్పుడు ఎంత నిదానంగా కూర్చున్నాడో చూశారా?"

అజయ్ తల పట్టుకునేవాడు. కంప్యూటర్ బొమ్మ కూర్చోవడంలో నిదానం చూసే మనిషికి ఏం చెప్తాం?

తప్పులు రాసి పంపడంలో కూడా ఇదే వరస. అందరూ "తలుపు తెరుచుకోవడం లేదు" అనో "గోడలోంచి చెయ్యి బయటికొచ్చింది" అనో రాస్తే, ఆయన రాసింది ఇది: పడమటి బురుజు మీద కాపలావాడు ఆట మొదలైన దగ్గర్నుంచీ నిలబడే ఉన్నాడు. మిగతావారికి ఉన్నట్టు అతనికీ ఒక స్టూలు ఇప్పించవలసిందిగా కోరుచున్నాము. అవతల నుంచి ఇది తప్పు కాదని జవాబు వచ్చింది. ఆయన మళ్ళీ పంపారు. మళ్ళీ కాదన్నారు. ఆయన మళ్ళీ పంపారు. సోమేశ్వరరావు గారు పిలిచి, "యజ్ఞనారాయణ గారూ, కాంట్రాక్టు పోతుందండీ, ఆ స్టూలు గొడవ వదిలెయ్యండి," అని బతిమాలారు. "అలాగేనండి," అని వచ్చి ఇంకోసారి పంపారు.

ఇక అసలు గొడవకి వద్దాం. అది మొదలైంది గేటు దగ్గర.

ఆ గేటుకి కాపలా కిష్టయ్య. పాలమూరు నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల లేస్తున్న భవనాలకి ఇటుకలు మోసి మోసి, ఇక మోయలేక గార్డు డ్రెస్సు వేసుకున్న మనిషి. భార్య నర్సమ్మతో, పదో తరగతి చదివే కూతురు అఖిలతో డాబా వెనక పంపు గదిలోనే కాపురం. ఎదుటి పెద్ద భవనంలో గార్డులు లేచి సెల్యూట్ కొట్టడం చూసొచ్చిన సోమేశ్వరరావు గారు, తన గేటు దగ్గర కూడా అదే రూలు పెట్టారు. సారు అన్నవాడెవరొచ్చినా కిష్టయ్య లేవాలి, కాలు నేలకి తాటించాలి, సెల్యూట్ కొట్టాలి.

ఒకరోజు సోమేశ్వరరావు గారు యజ్ఞనారాయణ గారికి ఏదో సీడీ ఇవ్వాలని గేటు దగ్గరే కాపు కాశారు. ఇంటి ఓనరుతో కబుర్లు చెప్పారు, పేపరు చదివారు, ఎండెక్కింది.

"యజ్ఞనారాయణ గారు రాలేదా కిష్టయ్యా?"

"రాలే సారూ."

"సరిగ్గా చూశావా?"

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ సారూ. రాలే."

విసుగొచ్చి పైకి వెళితే, యజ్ఞనారాయణ గారు సీట్లో ఉన్నారు. టిఫిన్ అయిపోయింది కూడా. సోమేశ్వరరావు గారి ముఖం ఎర్రబడింది. ఆయన మీద కోపం కాదు.

"అంటే టిఫిన్ క్యారియరు పట్టుకుని ఒక మనిషి గేటు దాటి లోపలికొస్తే వాడికి తెలీదన్నమాట. రేపు ఎవడో వచ్చి మన సీడీలు ఎత్తుకుపోతే? వచ్చే సోమవారం క్లయింటు దొర వస్తున్నాడు. ఆఫీసు ఎంత సెక్యూర్‌గా ఉందో చూడటానికే వస్తున్నాడు." ఆయన ఒక్క క్షణం ఆలోచించి వేలు పైకెత్తారు. "యజ్ఞనారాయణ గారూ, సోమవారం దొర ముందరే టెస్టు పెడదాం. మీరు రోజూ వచ్చినట్టే దొంగదారిన రండి. కిష్టయ్య పట్టుకుంటే సరే, దొరకి మన కాపలా చూపించినట్టుంటుంది. పట్టుకోకపోతే అక్కడికక్కడే ఏజెన్సీకి ఫోన్ చేసి వాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి పెడతాను. కిష్టయ్యకి ఈ ముక్క తెలియకూడదు. తెలిస్తే అది టెస్టు కాదు."

తన తెలివికి తనే మురిసిపోతూ గదిలోకి వెళ్ళిపోయారాయన.

మధ్యాహ్నం యజ్ఞనారాయణ గారు పెరుగన్నం గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టేశారు. అజయ్ చూశాడు.

"ఫికర్ ఎందుకు సారూ? మీరు ఎవలకన్న దొరుకుతరా? గెలుస్తరు."

"గెలుస్తాననే కదండీ బాధ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "చేరిన కొత్తలో నేనూ గేట్లోంచే వచ్చేవాణ్ణండి బాబూ. మొదటిరోజు కిష్టయ్య గారు లేచి సెల్యూట్ కొట్టారు. మోకాలు పటుక్కుమన్న చప్పుడు నాకు వినబడిందండి. నవ్వుతూనే ఉన్నారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ కూర్చోవడానికి గోడ పట్టుకున్నారు. నాకేమో టీ వ్యసనం, ఊరికే కిందకి దిగుతూ ఉంటాను. దిగినప్పుడల్లా ఆయన లేవాలి, వచ్చినప్పుడల్లా లేవాలి. వద్దండీ అంటే, పెద్దసారు రూలు అన్నారు. ఇక ఏం చెయ్యను? జనరేటరు వెనకాల గోడ కాస్త కూలి ఉంది. అటునుంచి రావడం మొదలుపెట్టాను."

ఇన్నాళ్ళూ అజయ్ ఇది కోట పిచ్చి ముదిరి కాలికి పాకిందనుకున్నాడు. పొద్దున తను గేట్లోంచి బండి మీద దూసుకురావడం, కిష్టయ్య లేవడం, పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళడం, కిష్టయ్య లేవడం, సిగరెట్టుకి వెళ్ళడం, కిష్టయ్య లేవడం కళ్ళముందు కదిలాయి.

"నేను పోయి పెద్దసారుకు మొకం మీద చెప్త," అంటూ లేచాడు.

"కూర్చోండి బాబూ. ఏమని చెప్తారు, మోకాళ్ళు పోయాయనా? మోకాళ్ళు పోయిన గార్డుని ఎవరుంచుకుంటారండి? ఆ పంపు గది ఖాళీ చెయ్యాలి. పిల్లకి వచ్చే నెల పరీక్షలు."

అది నరికితే తెగే ముడి కాదని అజయ్‌కి అర్థమైంది.

"అయితే ఒక్కటే తొవ్వ సారూ. మీరు దొరకాలె."

"నేనూ అదే అనుకున్నానండి," అన్నారు యజ్ఞనారాయణ గారు, ఇంజెక్షనుకి ఒప్పుకున్నవాడిలా. "కానీ నాకు చేతకాదండి. ఎప్పుడూ దొరకలేదు."

ఆ రోజు నుంచీ శిక్షణ మొదలైంది. లోకంలో ఏ గురువూ ఏ శిష్యుడికీ ఇలాంటి విద్య నేర్పి ఉండడు. అజయ్ ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కోట తెరిచాడు.

"వెలుతురులకు రండ్రి సారూ."

"వస్తున్నానండి."

"అది నీడ సారూ. స్తంభం ఎనకకు పోయిన్రు."

"చెయ్యి అటే పోతోందండి."

"నడుమల నడువుండ్రి. బురుజు గారి మొకం ముందల నిలబడుండ్రి. ఆ, గట్లనే. ఉరుకుండ్రి. చప్పుడు జేయుండ్రి."

పడమటి బురుజు గారు చూశారు. కత్తి దూశారు. యజ్ఞనారాయణ గారు కళ్ళు మూసుకున్నారు. తెర ఎర్రబడింది.

"శ్రమ ఇచ్చానండి, క్షమించాలి," అన్నారాయన తెరతో. శిక్షణలో అది మొదటి విజయం. ప్రవీణ చప్పట్లు కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

సోమవారం వచ్చింది. దొర వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎండకి అప్పటికే టమాటాలా అయిపోయాడు. సోమేశ్వరరావు గారు ఆయన్ని మొదటి అంతస్తు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చి, నాటకం చూపించేవాడిలా కిందికి చెయ్యి చాపారు. పక్కన టెలిఫోను, ఏజెన్సీ నంబరు. వెనక అజయ్, ప్రవీణ. కింద గేటు దగ్గర స్టూలు మీద కిష్టయ్య, ఏ పాపం తెలియకుండా వేపపుల్లతో చెవి గోక్కుంటున్నాడు.

రాళ్ళగుట్ట పక్క నుంచి యజ్ఞనారాయణ గారు బయల్దేరారు. అజయ్ సలహా మీద కళ్ళు జిగేల్‌మనే పసుపుపచ్చ చొక్కా వేసుకున్నారు. జనరేటరు దగ్గరికి వచ్చి ఖళ్ళున దగ్గారు.

కిష్టయ్య మెడ ఇటు తిరిగింది. గబుక్కున అటు తిరిగిపోయింది. ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూడసాగాడు.

యజ్ఞనారాయణ గారు అక్కడున్న ఇనప బక్కెట్టుని తన్నారు. అది గేటు దాకా దొర్లింది.

"పిల్లేమో," అన్నాడు కిష్టయ్య, పై కిటికీకి వినబడేంత గట్టిగా.

"పిల్లట," అన్నారు సోమేశ్వరరావు గారు పళ్ళు నూరుతూ. ఆయన చెయ్యి టెలిఫోను మీద పడింది. దొర కొబ్బరినీళ్ళు తాగడం ఆపేశాడు.

యజ్ఞనారాయణ గారు చివరికి టిఫిన్ క్యారియరే వదిలేశారు. గిన్నెలు నాలుగూ నాలుగు దారులు పట్టాయి. పప్పు గిన్నె వెళ్ళి కిష్టయ్య బూటుకి కొట్టుకుని ఆగింది. కిష్టయ్య దాన్ని చూడకుండా కాలితో మెల్లిగా వెనక్కి నెట్టాడు.

ఇంక అజయ్ ఆగలేకపోయాడు. మెట్లన్నీ దూకి కిందికి పరుగెత్తాడు. మెట్ల గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గుసగుసలు వినబడి ఆగిపోయాడు. యజ్ఞనారాయణ గారు ఏకంగా కిష్టయ్య ఎదురుగా నిలబడి ఉన్నారు.

"కిష్టయ్య గారూ, నన్ను చూడండి."

"నేను చూడలే సారూ. జల్ది పోండ్రి. పైన కిటికీల పెద్దసారు ఉన్నడు. దొంగదారిన వస్తున్నరని తెలిస్తే మీకు మాట వడ్తది."

"మీరు నన్ను చూడాలండి, ఇవాళ."

"రోజు చూస్తనే ఉన్న గద. ఎన్నడన్న ఎవ్వలకన్న చెప్పిన్నా? పోండ్రి."

యజ్ఞనారాయణ గారు కొయ్యబారిపోయారు. కిష్టయ్య ఉద్యోగం, దొర, టెస్టు, అన్నీ ఒక్క క్షణం ఆయన బుర్రలోంచి ఎగిరిపోయాయి.

"రోజూ చూస్తున్నారా?"

"ఆ."

"మొదటి నుంచీనా? జనరేటరు వెనకాల వంగి వచ్చినప్పుడు కూడానా?"

"ఆడ మీ టిఫిన్ డబ్బ ఎండకు తళతళ మెరుస్తది సారూ."

"మరి ఒక్కరోజైనా చెప్పలేదేమండి?"

కిష్టయ్య మొహమాటపడ్డాడు. "పెద్దమనిషి, ఎవ్వలకు కనవడకుంట పోయిన అని మురుస్తుండు, ఎందుకు చెడగొట్టాలె అనుకున్న. మొన్న పెద్దసారు అడిగితె సుత రాలే అనే చెప్పిన."

అజయ్‌కి నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి, ఏది ముందో తేల్చుకోలేకపోయాడు. ఈయనేమో ఆయన లేవకూడదని దాక్కున్నాడు. ఆయనేమో ఈయన చిన్నబోకూడదని చూడలేదు. ఇద్దరు మంచివాళ్ళు కలిసి ఒక ఉద్యోగం ఊడగొట్టే దాకా తెచ్చారు.

యజ్ఞనారాయణ గారు తేరుకున్నారు. "కిష్టయ్య గారూ, ఇది టెస్టండి. నన్ను పట్టుకోకపోతే మీ నౌకరీ పోతుంది. ఇప్పుడే, ఈ నిమిషమే."

కిష్టయ్యకి ఆ మాట తలకెక్కడానికి ఒక్క లిప్త పట్టింది. తరవాత స్టూలు మీంచి ఎగిరి లేచాడు. అంత ఊపుగా లేచి ఎన్నేళ్ళయిందో. మోకాలు పటుక్కుమని పట్టేసింది. ముందుకి తూలిపోతూ, పడిపోకుండా యజ్ఞనారాయణ గారి రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాడు.

కింద జరిగింది అది. పై నుంచి చూసినవాళ్ళకి వేరేగా కనబడింది. ఇంతసేపూ ఏమీ ఎరగనట్టు నటిస్తూ దొంగని దగ్గరిదాకా రానిచ్చి, పులిలా మీదికి దూకి భుజాలు ఒడిసిపట్టిన కాపలావాడు కనబడ్డాడు.

అజయ్ క్షణం ఆలస్యం చెయ్యలేదు. గుమ్మంలోంచి కిటికీ వైపు తలెత్తి అరిచాడు. "దొరికిండు సార్."

సోమేశ్వరరావు గారు టెలిఫోను వదిలేసి, దొరని వెంటబెట్టుకుని దిగొచ్చారు. ముఖమంతా వెలుగు. "చూశారా, ముందు పిల్లి అని ఏమార్చాడు, తరవాత పట్టాడు. ఇది ట్రిక్కు," అని దొరకి ఇంగ్లీషులో చెప్పుకున్నారు. దొర తలూపి ఫోటో తీసుకున్నాడు.

"శభాష్ కిష్టయ్యా. ఇంక వదిలెయ్."

కిష్టయ్య వదల్లేదు. వదిలితే కింద పడతాడు.

"వదలవయ్యా, ఆయన మన యజ్ఞనారాయణ గారే."

"వదలరండి," అన్నారు యజ్ఞనారాయణ గారు గంభీరంగా. "డ్యూటీ అంటే డ్యూటీ. నన్ను ఆ స్టూలు దాకా తీసుకెళ్ళి అప్పుడు వదులుతారు."

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మెల్లిగా నడిచారు. దొంగ కాపలావాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, జేబురుమాలుతో ఆయన బూటు మీద పప్పు తుడిచాడు. దొరకి ఈ ఆఖరి భాగం అర్థమైందో లేదో తెలియదు.

ఈయనెవరని అతను అడిగితే, స్టూలు అర్జీలు పంపిన మనిషి ఈయనేనని ప్రవీణ చెప్పింది. దొర పెద్దగా నవ్వేశాడు. తమ ఆఫీసు గోడకి ఆ అర్జీలన్నీ అంటించారట. బ్యాగులోంచి కొత్త సీడీ తీసి యజ్ఞనారాయణ గారి చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం కోట తెరిస్తే పడమటి బురుజు గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. యజ్ఞనారాయణ గారు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయి, ఆయన్ని లేపకుండా చాటుగా దాటుకుని పోయారు.

సాయంత్రం అజయ్ ఆయన్ని ఇంటి దగ్గర దింపాడు. ఆయన బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళగానే జరిగినదంతా సుబ్బలక్ష్మి గారికి చెప్పాడు.

"కిష్టయ్య రోజు చూస్తుండట అమ్మా. సారుకు జర మనసు కష్టమైంది."

సుబ్బలక్ష్మి గారు లోపలి గుమ్మం వైపు చూసి, స్వరం తగ్గించి నవ్వారు. "కాఫీ సంగతి మాత్రం చెప్పకు నాయనా. తెల్లారగట్ల ఆయన గిన్నె దించగానే నాకు మెలకువొచ్చేస్తుంది. లేస్తే చిన్నబోతారని కళ్ళు మూసుకుని పడుకుంటాను." అని, ఆ రాత్రే టిఫిన్ డబ్బాకి నల్లగుడ్డతో సంచి కుట్టారు.

మర్నాడు పొద్దున అజయ్ బండి సందు మలుపులో ఆగింది. యజ్ఞనారాయణ గారు దిగారు. అజయ్ కూడా దిగాడు. బండిని గుట్ట పక్కన పెట్టి తాళం వేశాడు.

"అదేంటండి బాబూ, మీరు గేట్లోంచి కదా?"

"నడువుండ్రి సారూ. నాకు సుత నేర్పుండ్రి."

ఒకరి వెనక ఒకరు వంగి జనరేటరు వెనక్కి చేరేసరికి అక్కడ ముందే ఎవరో నక్కి ఉన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని, ప్రవీణ. అజయ్ ముందురోజే చెప్పేశాడు లెండి. వారం తిరిగేసరికి ఆఫీసంతా ఆ దారిలోనే వస్తోంది. గేటు దగ్గర రోజు మొత్తానికి ఒకే ఒక్క మనిషికి సెల్యూట్, అది సోమేశ్వరరావు గారికి. ఆయన పైకొచ్చి చూస్తే అందరూ సీట్లలో ఉంటారు. తన కంటే ముందే వచ్చేస్తున్నారని, స్టాఫులో డిసిప్లిన్ పెరిగిందని మురిసిపోయి అందరికీ మధ్యాహ్నం సమోసాలు ఏర్పాటు చేశారు.

ఒకనాడు టీకి దిగినప్పుడు కిష్టయ్య స్టూలు మీంచే పలకరించాడు. "సారూ, ఆ నల్ల సంచి వచ్చినకాన్నుంచి మీరు ఎప్పుడొస్తున్నరో నాకు ఎర్కనే అయితలేదు."

"నిజంగానా అండి?"

"ఒట్టు సారూ."

ఆ రోజంతా యజ్ఞనారాయణ గారు సీట్లో నిలవలేదు. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పారు. ఆ ఉదయమే ఆయన వెనకాల వంగి వస్తూ, కిష్టయ్య ఇటు చూసి నవ్వుకుని ముఖం అటు తిప్పుకోవడం అజయ్ చూశాడు. చూసినట్టు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు టీ తాగి అదే దారిన వస్తుంటే వాళ్ళ వెనక కొత్తగా చేరిన కుర్రవాడెవడో, అలవాటు లేక, బక్కెట్టు తన్నేశాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. పై కిటికీలోంచి "ఏంటా చప్పుడు?" అని పెద్దసారు గొంతు, ఆ వెంటనే గేటు దగ్గర స్టూలు మీద కదలకుండా కూర్చున్న కిష్టయ్య గొంతు వినబడ్డాయి.

"ఏం లేదు సారూ. ఈ నడుమ పిల్లులు మస్తుగ అయినయ్."